నీళ్ళ పక్కన బస: చిత్రావతి వెంట చోటు వెతికేవాళ్ళకు

బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా నూరు కిలోమీటర్లు వస్తే బాగేపల్లి. గూళూరు హోబ్ళీ ఈ తాలూకాలోదే. బోర్డుల మీద కన్నడం, ఇళ్ళలో తెలుగు. ఒకప్పుడు బయటి ఊళ్ళవాళ్ళు ఇటువైపు వచ్చారంటే గడిదం వెంకటరమణస్వామి దర్శనానికో, పెళ్ళికో, చుట్టాలింటికో అయివుండేది. ఇప్పుడు వారాంతం వస్తే కొత్తరకం ప్రశ్నలతో వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. చెరువు పక్కన కాటేజీ ఏదైనా ఉందా? ఏటి ఒడ్డున టెంటు వేసుకోవచ్చా? నంది కొండల చుట్టుపక్కల తోటల్లో హోమ్‌స్టేలు, టెంటు క్యాంపులు, చెక్క గదులు పుట్టుకొచ్చింది ఇలాంటివాళ్ళ కోసమే.

బసలకు కొదవ లేదు. ఏది మంచిదో తేల్చుకునే పద్ధతే సరిగా లేదు. ఫోనులో ఫోటో చూస్తారు, రివ్యూల్లో నక్షత్రాలు చూస్తారు, అడ్వాన్సు కట్టేస్తారు. ఫోటోలో నీళ్ళు నిండుగా ఉంటాయి, అది ఏ నెలలో తీసిందో రాసి ఉండదు. ఏసీ ఉందా, రాత్రికి చికెన్ కాల్చిపెడతారా, క్యాంప్‌ఫైర్ ఉంటుందా అని అడుగుతారుగానీ ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, వానొస్తే ఎంతదాకా వస్తాయి, ఆ ఒడ్డు ఎవరిది అని అడిగేవాళ్ళు అరుదు. నీళ్ళ పక్కన గడిపే రాత్రి సుఖంగా తెల్లవారాలంటే ముందు తెలియాల్సినవి ఈ మూడే. గది సంగతి ఆ తరువాత.

నంది కొండల ప్రాంతం ఏర్ల పుట్టిల్లు. ఉత్తర పినాకిని అనే పెన్న, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపఘ్ని అన్నీ ఈ చుట్టుపక్కలే మొదలవుతాయి. పాలారు పుట్టింది చింతామణి తాలూకా తలగవార దగ్గర. వీటిలో చిత్రావతి చిక్కబళ్ళాపురం జిల్లాను దాటి, బాగేపల్లి మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టి, పుట్టపర్తి, ధర్మవరం పక్కగా పార్నపల్లె చేరి, చివరకు గండికోట ప్రాంతంలో పెన్నలో కలుస్తుంది. ఏరు ఒకటే అయినా దాని వెంట బస చేయడానికి ఉన్న చోట్లు ఒకదానితో ఒకటి పోలవు. పైన కొండ, నడుమ చెరువులు, కింద జలాశయాలు, చివర లోయ.

ముందుగా తెలుసుకోవాల్సింది, చిత్రావతి జీవనది కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. ఈ ప్రాంతానికి గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. తుపాను పడితే నవంబరులోనూ. చెరువులు నిండేది అప్పుడే. ఫిబ్రవరి దాటాక నీళ్ళు వెనక్కి పోతూపోతూ ఏప్రిల్‌కు నడిచెరువులో బురదగా మిగలొచ్చు. కాబట్టి మార్చిలో ‘రివర్ వ్యూ’ గదికి అదనంగా డబ్బులు కట్టడం అనవసరం. నీళ్ళే కావాలనుకునేవాళ్ళకు ఇక్కడ సరైన కాలం నవంబరు చివరినుంచి జనవరి దాకా. చెరువులు నిండుగా ఉంటాయి, ఆకాశం తేటపడి ఉంటుంది, రాత్రి చలి కాస్త గట్టిగానే ఉంటుంది.

అదే కృష్ణా నీళ్ళొచ్చే జలాశయాల సంగతి వేరు. పెనుకొండ పక్కన జాతీయ రహదారికి దగ్గర్లోనే ఉన్న గొల్లపల్లి జలాశయానికి హంద్రీ నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు వస్తాయి. పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు పేరుకు చిత్రావతిదే అయినా, గండికోట నుంచి ఎత్తిపోసిన నీళ్ళు దాన్ని నింపుతాయి. అక్కడ పడవ షికారు కూడా పెట్టారు. స్థానిక వానతో సంబంధం లేకుండా నీళ్ళుండే చోట్లు ఇవి. అయితే కాలువ నీటి మట్టం అధికారుల చేతిలో ఉంటుంది, వాళ్ళ లెక్కను బట్టి ఎక్కుతుంది, దిగుతుంది. ఇలాంటి చోటికి బయల్దేరే ముందు ఈ వారం నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయని ఫోను చేసి కనుక్కోవడం తప్పనిసరి.

బాగేపల్లికి దగ్గర్లో చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట ఉంది. ఇది కట్టేటప్పుడు కిందనున్న ఆంధ్రప్రదేశ్ రైతులు తమ నీళ్ళు ఆగిపోతాయని పోరాడారు. బాగేపల్లి, గుడిబండ పట్టణాలకు తాగునీళ్ళు ఇక్కడినుంచే వెళ్తాయి. వానాకాలం పోయాక నిండుగా ఉన్న ఆ నీళ్ళను చూస్తే ఎవరికైనా దిగాలనిపిస్తుంది. కానీ అవి రెండు ఊళ్ళ బిందెల్లోకి పోయే నీళ్ళు. అక్కడ స్నానాలు, సబ్బు, బిర్యానీ పొట్లాలు ఎంతమాత్రం తగవు. ఒడ్డుకు దూరంగా కూర్చుని చూసి రావడానికైతే సాయంకాలం బాగుంటుంది.

చెరువుల దగ్గరికొస్తే ఒక విషయం వివరంగా చెప్పుకోవాలి. ఈ సీమలో చెరువంటే ఊరికే నీటి మడుగు కాదు. వంకకు అడ్డంగా మట్టికట్ట, కట్టలో తూము, ఒక కొసన అలుగు. అలుగును రాయలసీమలో మరవ అంటారు, ఇక్కడివాళ్ళు కన్నడంలోలాగే కోడి అంటారు. తూము ఎత్తి ఏ మడికి ఎంత నీళ్ళు వదలాలో చూసే మనిషి నీరుగంటి. బోరుబావులొచ్చాక ఈ పని చాలా ఊళ్ళలో పడిపోయిందిగానీ, ఆ కుటుంబాల పెద్దవాళ్ళకు చెరువు నడత ఇంకా తెలుసు. నిండితే నీళ్ళు ఏ రాయిదాకా వస్తాయో, కోడి పోతే ఏ దారి మునుగుతుందో వాళ్ళను అడిగితే చెబుతారు. ఏ రివ్యూలోనూ ఇది ఉండదు.

ఆ చెరువు చుట్టూ బసకు పనికొచ్చే చోటు ఏది? కట్ట కింద వద్దు. అది ఆయకట్టు, తడి నేల, దోమలు, పైగా కట్టకు గండి పడితే మొదట పోయేది ఆ చోటే. కోడి కాలువ దారిలో అసలే వద్దు. ఎండాకాలంలో అది గడ్డి మొలిచిన చదునైన మైదానంలా, టెంట్లు వేయడానికే ఉన్నట్టు కనిపిస్తుంది. చెరువు గర్భంలో, అంటే నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బయటపడే మెత్తటి నేల మీద వేసిన గుడారాలు కూడా ప్రమాదమే. మిగిలింది పక్క గట్లు. కట్టకు రెండు వైపులా మెల్లగా ఎత్తు లేచే నేల, నిండు మట్టానికి బాగా పైన, రాతి బండ లేదా మామిడితోట ఉన్న చోటు. అక్కడినుంచి నీళ్ళు రెండుమూడు వందల అడుగుల దూరంలో ఉన్నా నష్టమేమీ లేదు. పొద్దున లేచి నడిచి వెళ్ళడానికి అదే బాగుంటుంది.

దీనికి గుడిబండ మంచి ఉదాహరణ. బైరేగౌడ అనే పాలెగాడు కట్టించిన సురసద్మగిరి కోట మీదికి ఎక్కితే కింద అమాని బైరసాగర చెరువు మొత్తం కనిపిస్తుంది. నిండినప్పుడు పైనుంచి చూస్తే భారతదేశ పటంలా ఉంటుందని చెప్పుకుంటారు. ఆ ఆకారం చెరువు ఒడ్డున నిలబడితే కనిపించదు. ఒడ్డున గది కావాలని పట్టుబట్టేవాళ్ళు పోగొట్టుకునేది సరిగ్గా ఇలాంటి దృశ్యాన్నే. గుడిబండ ఊళ్ళోనో, పక్క తోటలోనో పడుకుని, తెల్లవారుజామున కోట ఎక్కి, ఎండ రాకముందే దిగి చెరువు కట్ట మీద నడిచినవాళ్ళకు ఒడ్డున కాటేజీలో ఉన్నవాళ్ళకంటే ఎక్కువే దక్కుతుంది.

నీళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్నకు చిక్కబళ్ళాపురం జిల్లాలో ఇంకో కోణం ఉంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి, గొట్టాల ద్వారా పంపి, ఎండిన చెరువుల్ని నింపే పెద్ద పథకాలు రెండున్నాయి. కోరమంగల, చల్లఘట్ట లోయల నీళ్ళు 2018 జూన్‌లో కోలారు చెరువులకు రావడం మొదలైంది. హెబ్బాళ, నాగవార లోయల నీళ్ళు చిక్కబళ్ళాపురం వైపు వస్తాయి. పట్టణం పక్కనే ఉన్న కందవార చెరువుకు వచ్చేవి ఈ నీళ్ళే. వీటి ఉద్దేశం భూగర్భజలం పెంచడం. అందులో విజయం కనిపించిందని రైతులు చెబుతారు, ఎండిన బావుల్లో నీళ్ళు ఊరాయి. కానీ శుద్ధి రెండో దశతో ఆగిపోతుంది, మూడో దశ కావాలని నిపుణులు, ఉద్యమకారులు మొదటినుంచీ అడుగుతున్నారు. 2018 జులైలో కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది, వ్యవహారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. బసకు వచ్చేవాళ్ళకు దీనివల్ల తెలియాల్సింది ఒకటే. చూడటానికి నిండుగా, అందంగా ఉన్న చెరువు ఈదడానికి, పిల్లలు ఆడుకోవడానికి పనికొస్తుందని అనుకోకూడదు. ఇది వాన చెరువా, గొట్టం చెరువా అని అడగాలి. వాన చెరువైనా ఊరి మురుగు కాలువ ఏదైనా అందులో కలుస్తోందేమో కళ్ళతో చూడాలి. తాగడానికి, వంటకు ఏ నీళ్ళు వాడుతున్నారన్నది కూడా ముఖ్యం. బాగేపల్లి ప్రాంతపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు పాత సమస్య. ఒకటి రెండు రోజులకు ఏమీ కాదుగానీ, శుద్ధిచేసిన నీళ్ళు పెట్టే ఇల్లు శ్రద్ధ ఉన్న ఇల్లని తెలుస్తుంది.

ఇక వరద. ఎండిన ఏరుకు వరదేమిటని అనుకునేవాళ్ళు 2021 నవంబరును గుర్తు తెచ్చుకోవాలి. ఆ నెల 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి దాటబోయిన కారు ప్రవాహంలో చిక్కింది. అందులోని నలుగురిని కాపాడటానికి జేసీబీ మీద వెళ్ళిన ఆరుగురు కూడా నది నడుమ ఇరుక్కుపోయారు. చివరకు వాయుసేన ఎంఐ-17 హెలికాప్టరు వచ్చి పదిమందినీ పైకి లాగింది. కొన్ని నెలల ముందు అదే చోట ఇసుకలో పిల్లలు ఆడుకుని ఉంటారు. అదే రోజు కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ఆనకట్ట తెగింది, ఒడ్డునున్న ఊళ్ళు కొట్టుకుపోయి పదుల మంది చనిపోయారు. వాళ్ళు విహారానికి వచ్చినవాళ్ళు కాదు, పుట్టి పెరిగిన ఇళ్ళలో ఉన్నవాళ్ళు. నది బాగా తెలిసినవాళ్ళకే తప్పించుకోవడానికి సమయం చిక్కలేదు. నిన్న వచ్చి టెంటులో పడుకున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

వినోదం కోసం ఒడ్డున బస చేసినవాళ్ళు వరదలో పోయిన సంఘటనలు ప్రపంచమంతా ఉన్నాయి. స్పెయిన్‌లోని బియెస్కాస్ దగ్గర కొండవాగు తెచ్చిపోసిన మట్టిమేట మీద పెట్టిన క్యాంపు మైదానాన్ని 1996 ఆగస్టు 7న వరద ముంచెత్తి 87 మంది చనిపోయారు. అమెరికాలోని ఆర్కన్సాలో ఆల్బర్ట్ పైక్ క్యాంపు మైదానంలో 2010 జూన్ 11 తెల్లవారుజామున 20 మంది పోయారు. టెక్సస్‌లో గ్వాడలూప్ నది పక్కన 2025 జులై 4న జరిగింది ఇంకా పెద్దది. నది 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది. క్యాంప్ మిస్టిక్ అనే ఆడపిల్లల వేసవి శిబిరంలో 27 మంది పిల్లలు, కౌన్సెలర్లు, ఆ ప్రాంతమంతటా 130 మందికి పైగా చనిపోయారు. కొన్ని క్యాబిన్లు వరద మైదానంలోనే ఉన్నాయని తరువాత తేలింది. అదే ఏడాది సెప్టెంబరులో టెక్సస్ ప్రభుత్వం వరద మైదానంలో పిల్లల శిబిరాల క్యాబిన్లను నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ మూడూ రాత్రివేళో తెల్లవారుజామునో జరిగినవని కొందరు అంటారు. అది నిజం కాదు, బియెస్కాస్‌లో సాయంత్రం ఏడు గంటల వేళ నీళ్ళు వచ్చాయి. మూడింటికీ ఉమ్మడిది వేళ కాదు, చోటు. నది ఎప్పుడో ఒకప్పుడు నడిచిన దారిలో మనుషులు పడుకోవడం.

నది నడిచిన దారిని గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఏటి పక్కకు వెళ్ళినప్పుడు నీళ్ళను వదిలేసి చెట్లను చూడాలి. తుమ్మ కొమ్మలకు, గానుగ మొదళ్ళకు చిక్కుకున్న ఎండుగడ్డి, చిరిగిన పాలిథీన్ సంచులు, పాత గుడ్డపేలికలు ఎంత ఎత్తున వేలాడుతుంటే పోయిన వరద అంత ఎత్తుకు వచ్చినట్టు. చెట్టు మొదలు మీద ఒక గీత దాకా బూడిదరంగు ఒండ్రు పట్టి ఉంటుంది, దాని పైన బెరడు శుభ్రంగా ఉంటుంది. నేలమీద గుండ్రటి చిన్న రాళ్ళు, మెత్తటి ఇసుక కలిసి పరుచుకుని ఉంటే అది ఏటి మంచమే, ఎంత దూరంలో ఉన్నా సరే. కొమ్మకు చిక్కుకున్న గడ్డి తలకంటే ఎత్తుగా ఉన్న చోట టెంటు వేసిన క్యాంపు ఎంత చవకైనా వద్దు. ఇంకొకటి, పైన వాన పడుతోందా అన్నది. బాగేపల్లిలో ఆకాశం నీలంగా ఉండగానే నంది వైపు కురిసిన వాన కొన్ని గంటల్లో కిందికి దిగుతుంది. వాతావరణ శాఖ జిల్లా హెచ్చరికలు, పిడుగులకు దామిని యాప్, కర్ణాటకలో సిడిలు యాప్ ఫోనులో ఉండటం మంచిది. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో అడ్వాన్సు పోయినా సరే బయల్దేరకపోవడమే తెలివి.

వరద లేని చోట్ల ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. చిక్కబళ్ళాపురం దగ్గరి శ్రీనివాససాగర జలాశయం నిండినప్పుడు గోడమీదినుంచి నీళ్ళు జారుతుంటే చూడటానికి జనం విరగబడతారు. 2022 మేలో ఒక యువకుడు ఆ గోడ ఎక్కబోయి సుమారు 50 అడుగుల ఎత్తునుంచి పడి గాయపడ్డాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. పాచి పట్టిన తడి రాయి మీద కాలు నిలవదన్నది ఇంత చూసినా చాలామందికి ఎక్కలేదు.

చిత్రావతి చివర గండికోట ఉంది. యర్రమల కొండల్ని కోస్తూ పెన్న చేసిన లోయ, ఎర్రటి బండలు, పెమ్మసాని నాయకుల కోట, మసీదు, ధాన్యాగారం. తెలుగునాట టెంటు బసకు ఇంత పేరొచ్చిన చోటు మరొకటి లేదనే చెప్పాలి. బెంగళూరు, హైదరాబాదుల నుంచి శనివారం రాత్రికి చేరి, ఆదివారం సూర్యోదయం చూసి తిరిగిపోయేవాళ్ళే ఎక్కువ. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, ఊళ్ళోవాళ్ళు టెంట్లు అద్దెకిస్తారు. ఇక్కడ ‘నది పక్కన బస’ అనే మాట సరిగ్గా అతకదు, ఎందుకంటే నది వందల అడుగుల కింద ఉంటుంది, దగ్గరికి దిగే దారి అందరికీ వీలయ్యేది కాదు. అయినా వెళ్ళాల్సిన చోటే. షరతు ఒకటే, టెంటు అంచుకు దూరంగా ఉండాలి. లోయ అంచున చాలాచోట్ల గోడగానీ, కంచెగానీ లేదు. చీకట్లో మూత్రానికి లేచిన మనిషికి అంచు కనిపించదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు హరితలో గది తీసుకుని, తెల్లవారుజామున నడిచి వెళ్ళడం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఆ బండల మీద పగలు నిలబడగలిగేది.

ప్రభుత్వ బసలా, ప్రైవేటు బసలా అన్న చర్చ ఎప్పుడూ ఉంటుంది. కర్ణాటకలో జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్ సంస్థ 1980 నుంచి నడుస్తోంది. కావేరి ఒడ్డున భీమేశ్వరిలో చెక్క గదులు, గుడారాలు రెండూ ఉన్నాయి. కబిని దగ్గర ఎండాకాలంలో వెనక్కి పోయిన నీళ్ళ చోట మొలిచిన గడ్డికి ఏనుగుల మందలు దిగుతాయి, అంటే నీళ్ళు తగ్గడమే అక్కడ ఆకర్షణ. ధర ఎక్కువే. కానీ దారి చూపించే మనిషి ఉంటాడు, లైఫ్ జాకెట్ లేనిదే తెప్ప ఎక్కనివ్వరు. తెలంగాణలో ములుగు జిల్లా లక్నవరం చెరువు, 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలానిది, వేలాడే వంతెన దాటితే ద్వీపంలో కాటేజీలు. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున గదులున్నాయి. మారేడుమిల్లి అడవిలో వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపును స్థానిక వన సంరక్షణ సమితి నడుపుతుంది. ఆ ఊరి గిరిజనులకు అందులో ఆదాయం ఉంది, కాబట్టి అడవినీ ఏరునూ కాపాడాలన్న పట్టింపూ వాళ్ళకే ఉంటుంది. గుణంలో ఇలాంటి బసను మించింది లేదు. ప్రభుత్వ గదుల్లో దుప్పట్లు, పంపులు అప్పుడప్పుడు విసుగు పుట్టిస్తాయన్నది నిజమే, చోటు ఎంపికలో మాత్రం అవి చాలావరకు నమ్మదగినవి.

పాపికొండల గురించి రాయకుండా ఈ సమీక్ష పూర్తికాదు. గోదావరి ఇసుక తిన్నెల మీద కొల్లూరు వెదురు గుడిసెల్లో రాత్రి గడపడం ఒక తరం తెలుగువాళ్ళకు తీపి జ్ఞాపకం. అక్కడికి చేరడానికి పడవే గతి. 2019 సెప్టెంబరు 15న నది వరదమీద ఉండగా బయల్దేరిన రాయల్ వశిష్ఠ పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 26 మంది మాత్రమే బయటపడ్డారు, వాళ్ళను కాపాడింది దగ్గర్లోని గ్రామస్థులు. బస ఎంత బాగున్నా, దాన్ని చేరే దారి కూడా బసలో భాగమేనని ఆ రోజు తెలిసింది. చిక్కబళ్ళాపురం తోటలకు పడవ అక్కర్లేదుగానీ, వంక దాటితేనే చేరగల తోటలు ఉన్నాయి. వాన పడితే ఆ వంకలో కారు దిగుతుందా, వేరే దారి ఉందా అన్నది ముందే అడగాలి.

రాత్రి గురించి. నేలమీద పడుకునేవాళ్ళకు కట్లపాము అసలైన భయం. అది రాత్రిపూట తిరుగుతుంది, కాటు చాలాసార్లు నొప్పి లేకుండా పడుతుంది, నిద్రలో ఉన్నవాళ్ళకు తెలియదు. అందుకే నేలకు అంటి ఉన్న గుడారం కంటే మంచం, జిప్పు పూర్తిగా మూసుకునే టెంటు మేలు. టెంటులో తిండి ఉంచకూడదు. ఎలుకలొస్తే వాటి వెంట పాము వస్తుంది. కర్ణాటక ప్రభుత్వం 2024లో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. కాటు పడితే మంత్రం, కత్తి, తాడు జోలికి పోకుండా 108కు ఫోను చేసి తాలూకా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ ఆసుపత్రి బసనుంచి ఎంతసేపట్లో చేరవచ్చన్నదాన్ని బట్టి కూడా చోటు ఎంచుకోవాలి. డిసెంబరు చలిలో ఇంకో ప్రాణాంతకమైన అలవాటుంది, నిప్పుల కుంపటిని టెంటులోకి తెచ్చుకోవడం. మూసిన గుడారంలో బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. అడవికి ఆనుకున్న చోట్లలో జంతువుల సంగతి సరేసరి. 2021 జనవరిలో వయనాడు జిల్లా మేప్పాడిలో టెంటు బసలో ఉన్న ఒక అధ్యాపకురాలిని ఏనుగు చంపాక, అక్కడి అధికారులు అనుమతి లేని టెంటు బసల మీద చర్యలకు దిగారు. బాగేపల్లి వైపు ఏనుగులు లేవు, గుట్టల్లో చిరుతలున్నాయి. గుట్టను ఆనుకున్న క్యాంపులో రాత్రి పిల్లల్ని ఒంటరిగా మరుగుదొడ్డికి పంపకూడదు.

మరుగుదొడ్డి మాట వచ్చింది కాబట్టి, అసలు మంచి క్యాంపుకూ చెడ్డ క్యాంపుకూ తేడా అక్కడే తేలిపోతుంది. దాని గుంత నీళ్ళకు ఎంత దూరంలో ఉంది? అమెరికాలో ‘లీవ్ నో ట్రేస్’ నియమాల ప్రకారం నీళ్ళకు 200 అడుగుల దూరం, అంటే సుమారు 60 మీటర్లు. ఇక్కడి క్యాంపుల్లో దాన్ని చెరువు అంచున పెట్టి, పైపు కిందికి వదిలేసినవి కనిపిస్తాయి. అలాంటి చోట బస చేయడమంటే ఆ ఊరి నీళ్ళను పాడుచేయడంలో చేయి కలపడమే. వచ్చినవాళ్ళు ఆదివారం వెళ్ళిపోతారు, ఆ చెరువులో గొడ్లు సోమవారం నీళ్ళు తాగుతాయి.

ఒడ్డు ఎవరిదన్నది చట్టానికి సంబంధించిన ప్రశ్న. చెరువు ప్రభుత్వానిది, ఊరి ఉమ్మడిది. కర్ణాటక చెరువుల పరిరక్షణ, అభివృద్ధి ప్రాధికార చట్టం 2014లో చెరువు హద్దుకు 30 మీటర్ల లోపల కట్టడాలు కూడదంది. 2025లో చెరువు విస్తీర్ణాన్ని బట్టి ఆ దూరాన్ని మార్చే సవరణ తెచ్చినప్పుడు పర్యావరణవాదులు గట్టిగా వ్యతిరేకించారు. తెలంగాణలో 2012 నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్ల బఫరు. 2024లో హైదరాబాదులో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చాక నిండు మట్టం లోపల కట్టినవి కూలగొట్టడం అందరూ చూశారు. నీళ్ళకు పది అడుగుల దూరంలో గది ఉందని గొప్పగా చెప్పే ప్రకటన చాలాసార్లు నిబంధన దాటామని చెప్పడమే. అలాంటి గదికి డబ్బు కట్టడం వద్దు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ ఎంపిక ఇంకోలా ఉంటుంది. డాలస్ చుట్టుపక్కలవాళ్ళు సెలవులకు ఓక్లహోమాలోని బ్రోకెన్ బో సరస్సు దగ్గరి క్యాబిన్లకు నాలుగైదు కుటుంబాలుగా కలిసి వెళ్తారు. బియ్యం కుక్కరు, ఆవకాయ, ఇడ్లీ పిండితో సహా. ప్రభుత్వ క్యాంపు మైదానాలను రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో చాలాచోట్ల ఆరు నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. ఏ నంబరు చోటు నీళ్ళకు ఎంత దగ్గర, నేల వాలుగా ఉందా, నీడ ఉందా అన్న వివరాలు ఒక్కో చోటుకు విడివిడిగా దొరుకుతాయి. ఇంత సమాచారం ఉన్నా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2022 నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవుల్లో తెలంగాణకు చెందిన ఇద్దరు విద్యార్థులు మిస్సోరిలోని ఓజార్క్ సరస్సులో మునిగిపోయారు. ఈత రాకపోయినా, వచ్చినా, చల్లటి లోతు నీళ్ళలోకి లైఫ్ జాకెట్ లేకుండా దిగకూడదన్న నియమం పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు. ఊరి బావిలో నేర్చిన ఈత సరస్సు చలిలో పనిచేయదు.

మన దగ్గర ఒక్కో చోటు గురించి అలాంటి వివరాలు దొరకవు కాబట్టి ఫోనే పటం. “అన్నా, పోయిన తూరి చెరువు కోడి పోయినప్పుడు నీళ్ళు మీ గదుల పక్కకు ఎందాక వచ్చినాయి?” అని అడిగితే, నిజాయితీగా నడిపేవాళ్ళు ఆ చింతచెట్టు దాకా వచ్చినాయి సార్, గదులు దానికి పైనున్నాయి అని గుర్తు చెప్పి మరీ జవాబిస్తారు. మా దగ్గర అట్లాంటివి జరగవు సార్ అని తోసిపుచ్చేవాళ్ళకు తమ నేల తెలియదన్నమాట. ఈ నెల తీసిన ఫోటో ఒకటి పంపమని అడగవచ్చు. రాత్రి తోటలో ఎవరైనా కాపలా ఉంటారా, కరెంటు పోతే ఏముంది, పాట ఎన్ని గంటలకు ఆపేస్తారు అన్నవీ అడగాలి. చివరిది పక్క ఇళ్ళవాళ్ళ నిద్ర కోసం. గూళూరు పక్క పల్లెల్లో తెల్లవారి నాలుగింటికే పాలు పితకడానికి లేస్తారు. రాత్రి ఒంటిగంట దాకా స్పీకర్లు మోగించే క్యాంపు ఆ ఊళ్ళో ఎక్కువకాలం ఉండలేదు, ఉండనివ్వకూడదు కూడా.

ఈ సమీక్షలో ఒక రకం బసకు మొగ్గు చూపాల్సి వస్తే, ఊరి కుటుంబం నడిపే తోట ఇంటికే చూపాలి. ఎత్తు నేల మీద మామిడితోట, రెండు గదులు, బయట బావి, పది నిమిషాల నడకలో చెరువు. వండేది ఆ ఇంటావిడే, రాగి సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు. చెరువు ఎప్పుడు నిండిందో, ఏ వంక ఎటు పోతుందో వాళ్ళకు చెప్పేవాళ్ళు అవసరం లేదు. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో భూమి ఉండి, వాన లేక, పిల్లలు బెంగళూరు ఉద్యోగాలకు పోయి, ఇల్లు ఖాళీగా పెట్టుకున్న రైతులు చాలామంది ఉన్నారు. పర్యాటక శాఖలో హోమ్‌స్టేగా నమోదు చేసుకుని రెండు గదులు తెరిస్తే ఆ ఆదాయం ఊళ్ళోనే ఉంటుంది. ఇందుకు పంచాయతీలు, జిల్లా యంత్రాంగం చేయవలసింది ఎక్కువేమీ లేదు. చెరువు నిండు మట్టానికి రాళ్ళు పాతి గుర్తు పెట్టడం, కోడి కాలువ దారిని పటంలో చూపి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించడం, నమోదైన బసల జాబితా కన్నడంలోనూ తెలుగులోనూ పెట్టడం. కైవార తాతయ్య మఠానికో, గడిదానికో వచ్చే యాత్రికులకూ అది పనికొస్తుంది. నంది పక్కనున్న స్కందగిరి ఎక్కడానికి అటవీ శాఖ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, కొండనూ చెరువునూ ఒకే వారాంతంలో కలుపుకునేవాళ్ళు ముందు ఆ టికెట్టు దొరికిన తేదీని చూసుకుని, తరువాత తోట ఇంటికి ఫోను చేయడం మంచిది. డిసెంబరు శని, ఆదివారాలకు రెండూ త్వరగా అయిపోతాయి. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకోగలిగినవాళ్ళకు అదే చెరువు, అదే గది, అదే సంగటి, జనం లేకుండా దొరుకుతాయి.